ఖాళీగారి ఒకే ఒక్క సమీక్ష

మా బావను ఆఫీసులో అందరూ ఖాళీగారు అంటారు. పనీపాటా లేని మనిషి అని కాదు. ఆ ఆఫీసులో తలెత్తకుండా పనిచేసేది ఎవరయ్యా అంటే ఆయనే. మా నెలపత్రికకు పేజీలు తయారుచేస్తాడు. కథ రాసినవాళ్లయినా, ఫొటో తీసినవాళ్లయినా, ఆఖరికి ప్రకటన ఇచ్చినవాళ్లయినా బావ కంప్యూటరు ముందుకొచ్చి నిలబడాల్సిందే. వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆయనది ఒకటే గొడవ.

"కాస్త ఖాళీ వదలండి. పేజీకి ఊపిరాడొద్దా?"

ఈ మాట వింటే రచయితలకు ఒళ్లు మండుతుంది. "తెల్లకాగితం చూసుకోడానికి పత్రిక ఎందుకండీ కొనడం?" అని ఒకాయన అడగనే అడిగాడు. బావ నవ్వి ఊరుకున్నాడు. ఆయన వెళ్లాక ఆ వ్యాసం చివరి నాలుగు వాక్యాలూ కత్తిరించి ఆ మేరకు ఖాళీ వదిలాడు. వ్యాసం బాగుపడింది. రాసినాయన తప్ప అందరూ ఆ సంగతి ఒప్పుకున్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. గోడకి రెండో మేకు కొట్టనివ్వడు. బల్లమీద పూలకుండీ పెడితే జరిపి జరిపి చివరికి కిటికీలో పెట్టేస్తాడు. "పెళ్లయ్యాక నేను కొన్న సామాను కన్నా ఈయన వద్దన్న సామానే ఎక్కువ" అంటుంది మా అక్క. అంటూనే ఆయన జరిపిన కుండీకి అక్కడే నీళ్లు పోస్తుంది.

నేను ఆయన మరదల్ని. అదే ఆఫీసులో ప్రూఫులు దిద్దుతాను. ఒత్తులు, దీర్ఘాలు సరిచూడటం నా పని కాబట్టి బావ నన్ను పేరుతో పిలవడం ఎప్పుడో మానేశాడు. ఒత్తులమ్మా అంటాడు. మా బల్లలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆయనకు చిరాకొస్తే కుర్చీ కిర్రుమంటుంది, ఆనందం వచ్చినా కిర్రుమంటుంది. ఏ కిర్రు దేనికో నాకు తెలుసు.

బావ పెద్దగా చదువుకోలేదు. కుర్రతనంలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. దుకాణం పేరు పొడుగ్గా ఉంటుంది, బోర్డు పొట్టిగా ఉంటుంది, అక్షరం నలగకూడదు. అక్షరాల మధ్య ఎంత చోటు వదలాలో ఆయన నేర్చుకున్నది ఆ నిచ్చెన మీదే. తర్వాత కంప్యూటరు నేర్చుకుని మా పత్రికలో చేరాడు. నిచ్చెన మీద ఊళ్లోవాళ్ల పేర్లన్నీ రాశాడు, పత్రికలో రచయితల పేర్లన్నీ పెట్టాడు. తన పేరు మాత్రం ఎక్కడా లేదు. వెనక అట్ట లోపలివైపు సన్నటి అక్షరాల్లో 'పేజీల అమరిక' అని ఉంటుంది, దాని పక్కన కూడా పేరుండదు. అక్కడ ఖాళీ చాలదని ఆయనే తీసేశాడు.

ఎవరిదైనా మంచి వాక్యం కనిపిస్తే బావ నాకు చదివి వినిపిస్తాడు. ఒకసారి అలా చదివి, "ఇలాంటిది ఒక్కటి రాసి కింద మన పేరు పెట్టుకుంటే చాలు ఒత్తులమ్మా" అన్నాడు. అనేసి, కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా అది అంతకుముందే శుభ్రంగా ఉంది. ఆ రోజు నాకు అర్థమైంది, ఈ మనిషికి లోపల ఏం కావాలో.

అది అనుకోకుండా చేతికందింది. మాకు సినిమా సమీక్షలు రాసే రచయితకూ ఎడిటరుగారికీ మాటామాటా పెరిగింది. ఆ రచయిత తన కప్పు, తన కలం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ నెల ఒక విద్యార్థిని తీసిన చిన్న సినిమాకు సమీక్ష వేస్తామని కాలేజీకి మాటిచ్చి ఉన్నాం. ఎడిటరుగారు నెత్తిన చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసి, బావ దగ్గర ఆగారు.

"ఖాళీగారూ, పేజీ ఎలాగూ మీరే చేస్తారు. ఆ రాసేదేదో కూడా మీరే రాసేయండి."

కుర్చీ కిర్రుమంది. బావ 'సరే' అన్నాడు.

సినిమా చూడ్డానికి నన్నూ రమ్మన్నాడు. కాలేజీ మేడమీద చివరి గది. కిటికీకి నల్లగుడ్డ కట్టారు. రెండు కుర్చీలు, ఒక స్టూలు, గోడవారన తీగల చుట్టలు ఉన్నాయి. ఆ అమ్మాయి మాకు కుర్చీలిచ్చి తను స్టూలు మీద కూర్చుంది. చేతుల మీద ఇంకా తెల్లరంగు మరకలున్నాయి. సినిమాలో గదికి రంగు వేసింది తనేనట.

కథ చిన్నది. ఒక నడివయసు ఆవిడ దుకాణంలో తెల్లరంగు డబ్బా అడుగుతుంది. "ఎవరికమ్మా గది?" అంటాడు దుకాణదారు. ఆవిడ నవ్వుతుంది, చెప్పదు. ఇంటికొచ్చి పాత సామాన్లు పడేసి ఉన్న గది ఖాళీ చేస్తుంది. గోడలకు రంగు వేస్తుంది. మంచం బిగిస్తుంది, పరదా కుడుతుంది, దిండుకు కొత్త గలీబు తొడుగుతుంది. ఇంట్లోవాళ్లు వచ్చిపోతూ "ఎవరొస్తున్నారు?" అని అడుగుతుంటారు. ప్రతివాళ్లూ ఎవరో ఒకరి పేరు ఊహిస్తారు. చివరికి సాయంత్రం ఆవిడ గదిలోకి వెళ్లి, లోపల గడియ పెట్టుకుని, మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కళ్లు మూసుకుంటుంది. గది ఆవిడకోసమే. అంతవరకూ నాకు ఆ ఊహే రాలేదు. రానందుకు సిగ్గేసింది.

"నటించింది ఎవరమ్మా?" అడిగాడు బావ.

"మా మేనత్త సార్. మా అందర్నీ పెంచింది ఆవిడే. నాన్న పెళ్లి, బాబాయిల చదువులు, అమ్మ పురుళ్లు, మా జ్వరాలు అన్నీ ఆవిడ చేతిమీదే. ఇంట్లో ఆవిడకంటూ ఒక మూల లేదు. రాత్రి ఎక్కడ చోటుంటే అక్కడ పడుకుంటుంది." అమ్మాయి స్టూలు ముందుకు జరుపుకుంది. "సార్, ఒక్కటి అడుగుతాను. చివర ఏమవుతుందో మాత్రం రాయకండి. మా ఇంట్లో ఎవరికీ తెలీదు, అత్తకీ నాకూ తప్ప. సినిమాలో ఆ గది ఎవరికోసమో చెప్పమని నాన్న రోజూ అడుగుతున్నాడు. చిన్నబాబాయి అయితే తనకోసమే అనుకుంటున్నాడు. మీ పత్రిక వచ్చాకే కాలేజీలో షో. వాళ్లందరూ హాల్లో కూర్చుని చూడాలి. ఆ చివరి నిమిషం దాకా ఒక్కళ్లకి కూడా అత్త గుర్తు రాకూడదు. అప్పుడు తెలియాలి."

"నా చేతి నుంచి ఒక్క ముక్క బయటకు రాదు తల్లీ" అన్నాడు బావ. అంత గట్టిగా ఆయన మాటివ్వడం నేనెప్పుడూ వినలేదు. ఆ అమ్మాయి సినిమా మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి, ఫొటో దాంట్లోంచి నచ్చింది తీసుకోమంది.

ఇక చూడాలి మా బావ సంబరం. ఇంట్లో భోజనాల బల్ల ఆక్రమించాడు. రాసింది కొట్టేస్తాడు, కొట్టేసింది మళ్లీ రాస్తాడు. "పెళ్లికి ముందు నాకు ఒక్క ఉత్తరం రాయని మనిషి, ఎవరో తీసిన సినిమాకు ఇంత ఇదైపోతున్నాడు" అని అక్క పక్కనే నిలబడి దెప్పింది. దెప్పుతూనే లైటు ఆయనవైపు తిప్పింది.

అయితే ఆయన పద్ధతి ఆయనదే. అందరూ రాత తెచ్చి పేజీ అడుగుతారు. బావ ముందు పేజీ చేసుకుని, ఆ పేజీకి సరిపోయేట్టు రాయడానికి కూర్చున్నాడు. ఇల్లు కట్టేసి అందులోకి మనుషుల్ని వెతుక్కున్నట్టు. ఎడమపక్క రంగుల పేజీలో పెద్ద ఫొటో ఒక్కటే. దాని పైన శీర్షిక: 'ఎవరికోసం ఈ గది?' కుడిపక్క నలుపుతెలుపు పేజీలో రాత. ఫొటో కింద వివరణ ఏమీ పెట్టలేదు. కళ్లున్నవాడికి మళ్లీ మాటలెందుకు అన్నది ఆయన సిద్ధాంతం.

రాత పూర్తయ్యాక నాకిచ్చాడు. ఇచ్చి, నా వైపు చూడకుండా ఏదో పనున్నట్టు సొరుగు లాగాడు. నేను చదివాను. అందులో ఒక చోట ఇలా ఉంది:

"ఆవిడ దిండుకు గలీబు తొడిగే తీరు చూడండి. దులిపి, తొడిగి, మూలలు లాగి, ఆఖరున దిండు మీద ఒకసారి చెయ్యి వేసి ఆగుతుంది. రాబోయే మనిషి ఎవరో మనకు తెలియదు. ఆ మనిషంటే ఆవిడకు ఎంత ఇష్టమో మాత్రం ఆ చెయ్యి చెప్పేస్తుంది. మనకోసం ఎవరైనా ఎప్పుడైనా ఇంత ఇష్టంగా గది సర్దారా అనిపించింది నాకు. మనం ఎవరికైనా సర్దామా అన్నది ఆ తర్వాత తోచింది. ఆ రెండోది అంత తేలిగ్గా వదల్లేదు."

నేను ప్రూఫులు దిద్దుతూ ఎన్నో చదివాను. పెన్సిలు పక్కన పెట్టి చదివినవి తక్కువ. ఇది పెన్సిలు పక్కన పెట్టి చదివాను. చివరి సంగతి ఎక్కడా చెప్పలేదు, చెప్పినట్టు అనుమానం కూడా రానివ్వలేదు. "బావా, నువ్వు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?" అన్నాను. ఆయన సొరుగులో వెతుకుతూనే ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మా పత్రికలో రంగుల పేజీలన్నీ కలిపి ఒకే పెద్ద కాగితం మీద ముందుగా అచ్చవుతాయి. దాన్ని రంగుల ఫారం అంటాం. నలుపుతెలుపు పేజీలు ఆ తర్వాత అచ్చుకెళ్తాయి. రంగుల ఫారం ప్రతులన్నీ అచ్చయిపోయాయని ప్రెస్సు నుంచి కబురొచ్చింది, నమూనాగా ఒక కాగితం కూడా వచ్చింది. బావ దాన్ని బల్లమీద పరిచాడు. అందరం చుట్టూ చేరాం. ఫొటో ఎంత బాగా వచ్చిందని! పేజీ నిండా తెల్లగోడ, ఒక పక్కకి చిన్నగా మంచం, మంచం మీద ఆవిడ. అంత ఖాళీ బావకు జన్మలో దొరకలేదు.

చందాలు చూసే ఆవిడ టీ తాగుతూ తొంగిచూసింది. సినిమా సంగతి ఆవిడకు ఏమీ తెలియదు. శీర్షిక పైకే చదివింది.

"ఎవరికోసం ఈ గది? ... ఎవరికోసమేంటి, ఈవిడకోసమే. చూడండి, కాళ్లు చాపుకుని ఎంత హాయిగా కూర్చుందో."

అనేసి కప్పు కడుక్కోడానికి వెళ్లిపోయింది.

బావ శీర్షిక మీంచి బొమ్మ మీదికి చూపు తిప్పాడు. నాకు కూడా అప్పుడే తెలివొచ్చింది. అది సినిమాలో ఆఖరి బొమ్మ. సినిమా మొత్తంలో అంత అందమైన బొమ్మ, అంత ఖాళీ ఉన్న బొమ్మ అదొక్కటే. ఈయన ఖాళీ చూసి మురిసిపోయాడు, అందులో ఎవరు కూర్చుందో చూడలేదు. రాతలో అంత జాగ్రత్తగా దాచిన సంగతిని పక్క పేజీలో బొమ్మేసి చూపించాడు. పైన ప్రశ్న కూడా తనే వేశాడు. నేను కూడా ఆ పేజీ చూశాను. నా కళ్లు అక్షరాలు దాటి బొమ్మ దాకా ఎప్పుడు పోయాయి గనక!

ఇద్దరం వరండాలోకి వెళ్లాం. నేను నోటికొచ్చిన ఉపాయాలన్నీ చెప్పాను. మళ్లీ అచ్చు వేయించడం? కాగితం ఇంకో నెలకు గానీ రాదు. బొమ్మమీద ఏదైనా అంటించడం? ఎన్ని వేల ప్రతులకు, ఎవరు అంటిస్తారు? పోనీ ఆ అమ్మాయికి చెప్పేద్దామన్నాను.

"చెప్తే ఏం చేస్తుంది పాపం?" అన్నాడు బావ. "షో దాకా ఏడుస్తుంది. షో రోజు వచ్చినవాళ్ల మొహాలు చూస్తూ, ఎవరికి తెలుసో ఎవరికి తెలీదో అని చస్తుంది. వాళ్ల నాన్న పత్రిక కొనకుండా ఉంటాడా? కూతురి సినిమా గురించి వచ్చిందని పది కొని పంచుతాడు."

"మరి?"

"కుడిపక్క పేజీ ఇంకా పోలేదు కదా."

ఆయన ఏమంటున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. మధ్యాహ్నమంతా తల వంచుకుని రాశాడు. కుర్చీ ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. నాకు ప్రూఫు వచ్చింది. మొదటి వాక్యం చదవగానే పెన్సిలు ఆగిపోయింది.

"ఖాళీ గదిలో మంచం మీద కూర్చుని ఎవరికోసమో ఎదురుచూస్తున్న ఒక ఆవిడతో ఈ సినిమా మొదలవుతుంది. వచ్చేవాళ్లు రాక, చూసి చూసి కళ్లు మూతపడి, చివరికి లేచి పనిలో పడుతుంది..."

"బావా, ఇదేంటి? సినిమా ఇలా మొదలవదు!"

"తెలుసు."

"దుకాణంతో మొదలవుతుంది. రంగు డబ్బాతో."

"తెలుసు ఒత్తులమ్మా. కానీ ఇది చదివినవాడు బొమ్మ చూస్తే ఏమనుకుంటాడు? ఈవిడ ఎవరికోసమో ఎదురుచూస్తోంది అనుకుంటాడు. ఎవరికోసమా అని హాలుకి వస్తాడు."

దిండు సంగతి లేదు. గలీబు మీద ఆగిన చెయ్యి లేదు. ఎందుకు తీసేశావని అడగబోయి ఊరుకున్నాను. బొమ్మలో ఆ దిండుంది, ఆ గలీబుంది. వాటి గురించి రాస్తే బొమ్మ ఆ తర్వాతిదని తెలిసిపోతుంది. పరదా అంతే, తెల్లగోడలు అంతే. బాగా రాసిన ప్రతిదీ బొమ్మలో ఉంది కాబట్టి బాగా రాసిన ప్రతిదీ పోయింది. వాటి బదులు 'ఛాయాగ్రహణం చక్కగా కుదిరింది', 'సంగీతం ఫరవాలేదనిపిస్తుంది' లాంటివి వచ్చి కూర్చున్నాయి. ఇలాంటి వాక్యాలు వేరేవాళ్లు రాస్తే బావే నాకు చదివి వినిపించి ఏడిపించేవాడు.

నాకు కోపం ఆగలేదు. "ఇది అబద్ధం. చదివేవాళ్లకు మనం అబద్ధం చెప్పకూడదు. సినిమా చూశాక ప్రతివాడూ నవ్వుతాడు. ఈ రాసినవాడు సినిమా చూడకుండానే రాశాడంటారు."

"అంటారు."

"కనీసం పేరైనా తీసెయ్ బావా."

బావ ప్రూఫు వైపు చూశాడు. కింద కుడిమూల ఆయన పేరుంది. నిచ్చెన మీద నేర్చుకున్న చెయ్యి, చుట్టూ సరైనంత చోటు వదిలి పెట్టింది.

"పేరు లేకపోతే ఆ నవ్వు ఎడిటరుగారి మీదికి పోతుంది. లేదా వెళ్లిపోయిన ఆయన రాశాడేమో అనుకుంటారు. చేసింది నేను. ఉండనీ." ప్రూఫు నా వైపు జరిపి, "నీ పని ఒత్తులు చూడటం కదా. ఒత్తులు చూడు" అన్నాడు.

చూశాను. ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి.

బావ చేసింది మంచిపనా అంటే ఇప్పటికీ నాకు ఒప్పుకోబుద్ధి కాదు. రూపాయి పెట్టి పత్రిక కొన్నవాడు నిజం చదువుదామని కొంటాడు. వాడికి తెలిసి తెలిసి తప్పు చెప్పడం తప్పే. కానీ ఒక మాటిచ్చిన మనిషి, ఆ మాట తన చేతులతోనే పాడుచేసుకున్న మనిషి, దాన్ని నిలబెట్టుకోడానికి తన దగ్గర ఏముంటే అది ఇస్తాడు. ఈయన దగ్గర ఉన్నది ఒక్క సమీక్ష, ఒక్క పేరు. ఇన్నాళ్లకు దొరికిన ఆ రెంటినీ ఇచ్చేశాడు. ఇచ్చినట్టు ఎవరికీ తెలియకూడదన్నది అందులో భాగం. అది తలుచుకుంటే నా కోపానికి కాలూ చెయ్యీ ఆడదు.

పత్రిక వచ్చింది. ఎడిటరుగారు చూసి, "ఫరవాలేదు, మొదటిసారి కదా" అన్నారు. ఆ 'కదా'లో రెండోసారి ఉండదన్న సంగతి వినిపించింది. వెళ్లిపోయిన సమీక్షల రచయితకు కబురంపారు. ఆయన కప్పుతో, కలంతో సహా తిరిగొచ్చి, బావ భుజం తట్టి, "అందరూ చెయ్యగలిగే పని కాదు లెండి ఖాళీగారూ" అన్నాడు. బావ అవునన్నాడు. నేను ఆ నెల ఆ రచయిత వ్యాసంలో దొరికిన ప్రతి తప్పు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. అంతకన్నా నా చేతిలో ఏముంది!

అక్క ఆ పేజీ రెండుసార్లు చదివింది. "మీరు బల్లమీద రాసుకున్నది ఇది కాదే" అంది. బావ ఏదో సర్దిచెప్పాడు. అక్క నమ్మలేదు, అయినా రెట్టించలేదు.

ఆ అమ్మాయి ఆఫీసుకు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను, ఫోనులోంచి గొంతు నాక్కూడా వినిపిస్తోంది.

"సార్, మీరు సినిమా మొదటినుంచి చూశారా?"

"చూశానమ్మా."

"మరి మొదటి సీను అదని ఎలా రాశారు సార్? అంత శ్రద్ధగా చూసినట్టే కనిపించారు. మా గైడ్ మేడమ్ చదివి నవ్వారు సార్. పైగా ఆ ఫొటో చివరి సీనుది సార్..." మాట మధ్యలోనే ఆపేసింది.

"వెనకాముందూ కలిపేసుకున్నానమ్మా. వయసు మీద పడుతోంది. ఏమీ అనుకోకు."

నేను ఫోను లాక్కోబోయాను. ఆయన అటు తిరిగిపోయాడు. ఫోను పెట్టేశాక మంచినీళ్లు తాగి, మళ్లీ మౌసు పట్టుకున్నాడు. ఆ రోజు చేసిన పేజీలో అక్షరాలు అంచుదాకా వచ్చి ఉన్నాయి. ఎవరినీ ఖాళీ అడగలేదు.

షోకి వెళ్లొద్దామంటే బావ రానన్నాడు. అక్కా నేనూ కలిసి లాక్కెళ్లాం. కాలేజీ హాలు సాయంత్రానికే నిండింది. మా ముందు వరసంతా ఆ అమ్మాయి ఇంటివాళ్లే. వాళ్ల నాన్న చేతిలో మా పత్రిక చుట్టి పట్టుకుని ఉన్నాడు. పక్కన బాబాయిలు, వాళ్ల పిల్లలు. మేనత్త మధ్యలో కాదు, వరస చివర కూర్చుంది. ఒక పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇంకొకడి షూ లేసు ముడేస్తోంది. తెరమీద కనబడబోయేది తనే అన్న స్పృహ ఆవిడకు ఉన్నట్టు లేదు.

లైట్లు ఆరాయి. దుకాణం వచ్చింది, రంగు డబ్బా వచ్చింది. "మొదట్లో గదిలో కూర్చుని ఉంటుందన్నారుగా?" అని ఎవరో గొణిగారు. నా పక్కన బావ చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. "పరదా నీలం రంగు, నాకోసమే చూడు" అని చిన్నబాబాయి నవ్వాడు. "ఇంకా ఎవరో రావాలి. ఎదురుచూస్తోందని రాశారుగా" అన్నాడు నాన్న. చూస్తున్నకొద్దీ వాళ్లు పేర్లు మారుస్తున్నారు. ఊరినుంచి రావలసినవాళ్లూ, పెళ్లికావలసినవాళ్లూ అందరూ వచ్చారు ఆ పేర్లలో.

తెరమీద సాయంత్రమైంది. ఆవిడ గదిలోకి వెళ్లి గడియ పెట్టింది. మంచం మీద కూర్చుని కాళ్లు చాపింది. కళ్లు మూసుకుంది.

ముందు వరసలోంచి ఒక శబ్దం వచ్చింది. పెద్దమనిషి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. వాళ్ల నాన్న తెరవైపు చూడటం మానేసి, వరస చివరకు తిరిగి, అక్కగారిని చూస్తున్నాడు. ఆవిడ ఇంకా పిల్లాడి లేసు పట్టుకునే ఉంది. "అక్కా, ఆ పిల్లాణ్ణి ఇటివ్వు" అన్నాడాయన. ఆవిడకు వినిపించలేదు. ఆయనే లేచి, అందరి మోకాళ్లూ దాటుకుంటూ వెళ్లి, పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు.

లైట్లు వెలిగాక ఆయన కళ్లు తుడుచుకుంటూ మా దగ్గర ఆగాడు. మేమెవరమో తెలియదు. ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది, అంతే.

"చూశారా అండీ? చివరిదాకా ఒక్కడికీ తట్టలేదు. నాక్కూడా!" చేతిలో పత్రిక తెరిచి బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ పెట్టుకుని కూడా తట్టలేదు. ఈ రాసినవాడెవడో ఇది మొదట్లో వస్తుందన్నాడు. మహానుభావుడు సినిమా చూడకుండానే రాశాడండీ."

"అలాగే ఉందండి" అన్నాడు బావ.

"నిద్రపోయుంటాడు."

"అయ్యుంటుందండి. ఇలాంటి సినిమాకి నిద్రెలా పట్టిందో!"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బల్లమీద రాసిన రాతా, పత్రికలో వచ్చిన రాతా ఆమె మనసులో అప్పుడు ఒకచోటికి చేరాయి. బావకు ఇంకాస్త దగ్గరగా జరిగి నిలబడింది.

అంతలో జనాన్ని తోసుకుంటూ ఆ అమ్మాయి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. బావను చూసి ఒక్క క్షణం తటపటాయించింది.

"మీరొస్తారనుకోలేదు సార్. మీమీద చాలా కోపమొచ్చింది, నిజం చెప్తున్నా. కానీ ఇవాళ ఇంక ఎవరిమీదా కోపం లేదు. మీ సమీక్ష సంగతి మర్చిపోయాను సార్. మీరూ మర్చిపోండి."

నేను నోరు తెరవబోయాను. బావ నా కాలు తొక్కాడు, గట్టిగానే.

"చాలా థాంక్సమ్మా" అన్నాడు. "ఈసారి మొదటినుంచీ సరిగ్గా చూశాను."

తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకుని నిలబడిన ఆ మనిషిని చూసి నాకు దుఃఖం ఆగలేదు, అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చేశాను. సినిమా నన్ను అంతగా కదిలించిందనుకుని ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని మరీ మరీ థాంక్స్ చెప్పింది.